ఆఫీసు రైలు పోయినంక

ఈ పొద్దు పనికి పోలేదా అని అడగతావా అమ్మా? గడప తొక్కిన కూతుర్ని చూసి మొట్టమొదట నీ నోట వచ్చే మాట ఇదా?

బాగుండావా అని లేదు. ఎండన పడి వచ్చినావే, కూర్చో అని లేదు. పనికి పోలేదా! పోలేదు. పోయుంటే మీకందురికీ బాగుండేది. తెలుసు నాకు.

ఆ చేట పక్కన పెట్టు. చిక్కుడుకాయలు యాడికీ పరిగెత్తవు. మొకం ఇట్ల తిప్పు. నన్ను చూడు.

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా బస్సులో నిలబడే వచ్చినా. కనకమ్మసత్రం కాడ సీటు ఖాళీ అయింది. కండక్టరు కూర్చోమ్మా అన్నాడు. కూర్చోలా. కూర్చుంటే నా కోపం చల్లారిపోతాదేమో అని భయం నాకు. చల్లారనీకూడదని దోవంతా దాన్ని పట్టుకోనే వచ్చినా.

ఏమైందంటావా? ఏమైందో నీకు తెలీదా? సరే, తెలీదనే అనుకుంటా. నిన్నటి నుంచి చెప్తా, విను. నడమ మాట్లాడొద్దు.

నేను పొద్దున తిరువళ్ళూరులో ఎక్కే రైలు నీకు తెలుసు గదా. తెలవకేం, ఈడికి, నీ కొడుకు కాడికి వచ్చేసిందాకా నువ్వే గదా సద్ది కట్టి పంపించినావు. ఆ లేడీస్ పెట్టెలో అందురం రోజూ పొయ్యేవాళ్ళమే. ఒకరి పేరు ఒకరికి తెలుసు, బిడ్డల పేర్లు తెలుసు, మొగుళ్ళ కథలు తెలుసు. ఏ వీధిలో, ఏ ఇంట్లో ఉండేదీ అంటే మాత్రం తెలీదు. రైలెక్కితేనే చుట్టరికం. దిగితే ఎవరి దోవ వాళ్ళది.

కన్నమ్మ అని ఒకామె ఈ మద్దె చేరింది. పెరంబూరు ఆసుపత్రిలో ఆయా పని. పూండి దిక్కు నుంచి వస్తాది. ఆ బస్సు ఒక దినమన్నా సరిగ్గా వస్తాదా? రైలు కదిలేటప్పుడు పరిగెత్తుకోని వస్తాది, నేను చెయ్యి పట్టి లోపలికి లాగతా. అట్ల పరిచయం. అక్కా అక్కా అని నా పక్కనే కూర్చుంటాది.

నిన్న ఆమె మొకం వెలిగిపోతా ఉండింది. "అక్కా, ఇంక నేను పరిగెత్తే పని లేదు. స్టేషన్ వెనకాలే ఇల్లు చూసినాము, కొనేస్తాము" అనింది. నాకెంత సంతోషమనుకున్నావు! మా వీధికే వస్తావా, సాయంత్రం ఇద్దరం కలిసి నడిచి పోవచ్చు అనుకుంటి. ఎట్లుండాది ఇల్లు అంటే చెప్పతా వచ్చింది. ముందర అరుగు. పెరట్లో మునగచెట్టు. బాయి. బాయి పక్కన సిమెంటు బండ మీద ఎవరో ఆడబిడ్డ కాళ్ళ అచ్చులు.

"చిన్న కాళ్ళు అక్కా, లక్ష్మీదేవి కాళ్ళ మాదిరి. ఆ కాళ్ళు చూసే నాకు ఇల్లు నచ్చింది" అనింది.

ఆ కాళ్ళెవరివి అమ్మా?

చెప్పు. నాయిన తడి సిమెంటు పూసి పక్కకు పోతే, దాని మీద తొక్కినందుకు నువ్వు వీపు మీద కొట్టినావే, ఎవర్ని?

కన్నమ్మ ఆపలా. "అన్నీ బాగుండాయి గానీ ఒకటే తలనొప్పి అక్కా. ఆ ఇంట్లో ఒక ఆడమనిషి బాడుగకుండాదంట. నోరు మంచిది కాదంట. ఆయమ్మ ఉన్నప్పుడు పోతే రచ్చ చేస్తాదంట. అందుకే బ్రోకరు చౌడయ్య ఆఫీసు రైలు పోయినంకనే రమ్మంటాడు. రేపు మళ్ళా కొలతలకు పోవల్ల, నేను లీవు పెట్టినా" అనింది.

బాడుగకు! నేను! నాయిన ఇటుక పేరస్తా ఉంటే తట్టలో ఇసక మోసినదాన్ని. నాయిన పోయిన నెలలోనే తాళి కట్టించుకోవాల్సిన వయసులో కాయిల్ చుట్టే ఫ్యాక్టరీకి పోయినదాన్ని. పై కప్పు కారతాదని పెంకు తీసి మిద్దె వేయించినదాన్ని. నీ కొడుకును కాలేజీకి పంపించినదాన్ని. బాడుగకుండే ఆడమనిషి!

ఎవరు అమ్మేది అని అడిగినా. "కోదండరామ అని, తిరుత్తణిలో గవర్మెంటు ఉద్యోగం. ఒకడే కొడుకంట. వేరే వారసులు ఎవరూ లేరంట" అనింది.

ఎక్కడో పరాయి మనిషి నోట, రైలు పెట్టెలో, నా తమ్ముడికి నేను లేనని తెలుసుకున్నా.

అరిచినానా? అరవలా. నోరు మంచిది కాదంట గదా నాది! ఆ నోటితో, "ఇల్లు బాగుండాది గదా, అది చాలు" అన్నా. అంబత్తూరులో దిగిపోయినా. ఆ పొద్దంతా కాయిల్ చుట్టతా ఉంటే తీగ తెగతానే ఉండింది. సూపర్‌వైజరు వచ్చి "ఎన్నమ్మా ఆచ్చు ఉనక్కు?" అన్నాడు. ఏమైందని చెప్పేది?

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చినాయి. కొన్నాళ్ళుగా నేను ఇంటికి పోయేసరికి మంచం జరిగుంటాది. నీళ్ళ కుండ మూత తీసుంటాది. పెరట్లో చుట్ట పీకలు. నేను పిల్లి అనుకుంటి అమ్మా! చుట్ట తాగే పిల్లి యాడన్నా ఉండాదా? దానికి నేను గిన్నెలో పాలు కూడా పెట్టి పోతి. నవ్వు వస్తాదా నీకు? నాకు రాలా.

ఈ పొద్దు ఏం చేసినానో విను.

చౌడయ్య తెలుసు గదా, ఆ ఇండ్ల బ్రోకరు. ప్లాట్‌ఫారానికి ఎదురుగా టీ కొట్లో కూర్చోనుంటాడు. రోజూ నన్ను చూసి నమస్కారం పెట్టేవాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషో అనుకుంటి. మర్యాద కాదు, నేను ఎక్కినానా లేదా అని చూసుకోనేది! నేను ఎక్కితే, రైలు కదిలితే, వాడు లేచి పోయి నీ కొడుకుకు చెప్పేది. అప్పుడు బీగం తీసేది.

ఈ పొద్దు నేనే ముందు నమస్కారం పెట్టినా. కిటికీ పక్కన కూర్చోని చెయ్యి కూడా ఊపినా. వాడు నవ్వినాడు. రైలు కదిలింది.

సెవ్వాపేటలో దిగేసినా. ఎదురు బండి ఎక్కి తిరిగొచ్చినా. స్టేషన్లోనుంచి రాకుండా పట్టాల పక్కనే నడుచుకోని, పెరటి తడిక తీసుకోని లోపలికి పోయినా. నా ఇంట్లోకి నేను దొంగ మాదిరి పోతి అమ్మా. ఆ సిగ్గు ఎవరికి చెప్పుకోవల్ల?

వంటింట్లో స్టవ్వు అంటించి పాలు పెట్టినా. వాళ్ళు వచ్చే అలికిడి అయింది.

నీ కొడుకు గొంతు ఎంత తియ్యగా ఉండిందో నువ్వు వినుండాల్సింది. నాతో ఎప్పుడైనా అంత తియ్యగా మాట్లాడినాడా? "గాలి బాగా వస్తాది సార్. రైలు చప్పుడు రెండు దినాల్లో అలవాటైపోతాది. బాయిలో నీళ్ళు ఎండాకాలం కూడా తగ్గవు." కన్నమ్మ మొగుడు సుందరరాజ్, ఆవడిలో నైట్ షిఫ్టు చేసి నిద్ర కళ్ళతోనే వచ్చినాడు పాపం, టేపు పట్టుకోని గోడలు కొలస్తా ఉండాడు.

కన్నమ్మ అడిగింది, "ఆ ఆడమనిషి ఖాళీ చేసి యాడికి పోతాది?"

దానికి వీడేమన్నాడో తెలుసా?

"ఏదన్నా లేడీస్ హాస్టల్లో చేరతాదిలే అమ్మా. ఆయమ్మకు ఎవరూ లేరు" అన్నాడు.

ఎవరూ లేరు. నా వంటింటి గోడకు అవతల నిలబడి, నేను ఎత్తుకోని పెంచినవాడు ఆ మాట అన్నాడు. పాలు పొంగి స్టవ్వు మీద పోయినాయి. అట్లే చూస్తా నిలబడిపోయినా.

ఇంక ఆగలా. ఉన్న పాలతో కాఫీ కలిపి, పళ్ళెంలో పెట్టుకోని బయటికొచ్చినా. "కన్నమ్మా, కాఫీ తీసుకో. చక్కెర చాలకుంటే చెప్పు" అన్నా.

ఆ పిల్ల మొకం చూడాల్సింది! "అక్కా! నువ్వా! నువ్వేంది ఈడ?"

"నేనే బాడుగకుండే ఆడమనిషి. నోరు మంచిది కానిదాన్ని. ఈయన నా తమ్ముడు. ఆ బండ మీద కాళ్ళు నావి" అన్నా.

నేను అరవలా. అరిచుంటే వాడికి బాగుండేది, చూడండి నేను చెప్పలే అనేవాడు. సుందరరాజ్ టేపు చుట్టేసినాడు. "ఏమయ్యా, ఒకడే కొడుకన్నావే? కూడబుట్టినదాన్ని బాడుగ మనిషి అని చెప్పి మాకు ఇల్లు చూపిస్తావా? రేపు మా మింద కేసు పడితే ఎవరు జవాబు?" అని వాణ్ణి నిలదీసినాడు. వెనక్కి చూస్తే, వాళ్ళ వెంట వచ్చిన చౌడయ్య లేడు. ఎప్పుడు జారుకున్నాడో! కన్నమ్మ నా చెయ్యి పట్టుకోని ఏడస్తా ఉండాది. "తెలీదు అక్కా, ఆ యేసు సాక్షిగా మాకు తెలీదు" అంటాది. దాని తప్పేముండాది? రోజూ నేను చెయ్యి పట్టి రైల్లోకి లాగిన పిల్ల. స్టేషన్ పక్కన ఇల్లు కావల్లని ఆశ పడింది, అంతే గదా.

వాళ్ళు పోయినారు. ఈ ఇల్లు మాకొద్దని చెప్పి పోయినారు. పోయేటప్పుడు సుందరరాజ్ నాకు దండం పెట్టి పోయినాడు, నీ కొడుకు దిక్కు చూడను కూడా చూడలా.

అప్పుడు నేను వాడి చేతిలోనుంచి బీగం చెవి లాక్కున్నా. వాడికి అన్నం తినిపించిన ఈ చేతికి వాడి గోరు కూడా గీరుకుంది. గీరుకోనీ.

వాడు ఏమన్నాడో తెలుసా? తల దించుకోని క్షమించమన్నాడా? లేదు. "నన్నెందుకు అట్ల చూస్తావు అక్కా? అమ్మే చెప్పింది. అక్కను అడగొద్దురా, అది ఒప్పుకోదు, అది రైలెక్కినాక చూపించుకో అని అమ్మే చెప్పింది" అన్నాడు.

అబద్ధం రా అన్నా. అమ్మ అట్ల చెప్పదు అన్నా. పోయి అడుక్కో అన్నాడు.

అందుకే వచ్చినా. ఆ బస్సులో నిలబడి దోవ పొడుగునా ఏమనుకున్నానో చెప్పనా? అమ్మ కొట్టినట్టు చెప్తాది, వాడు అబద్ధాలకోరు అని చెప్తాది, ఇద్దరం కలిసి వాడి చెంప పగలగొడతాము, అనుకుంటా వచ్చినా.

వచ్చి గడప తొక్కితే నువ్వు, పనికి పోలేదా అంటివి. ఆ మాటతోనే తెలిసిపోయింది. ఇంక నువ్వు అబద్ధం చెప్పే శ్రమ కూడా లేదు.

ఏందీ? గట్టిగా చెప్పు. వాడికి సంసారముండాదా? ఈడ సొంత ఇల్లు కట్టుకోవల్లనా? ఉండాది, కట్టుకోనీ. నాకు సంసారం లేదు, ఒంటిదాన్ని, నాకు అంత ఇల్లెందుకనా? ఒంటిదాన్ని చేసింది ఎవరు అమ్మా? సంబంధం వచ్చినప్పుడంతా, తమ్ముడు చదువుకోనీ, ఇంకో ఏడాది పోనీ అన్నది ఎవరు? ఇప్పుడు ఒంటిదానికి ఇల్లెందుకని అడిగేదీ నువ్వేనా?

ఏడవొద్దు. నువ్వు ఏడిస్తే నేను ఊరికే ఉండిపోతానని నీకు తెలుసు. ఈ పొద్దు ఆ పని జరగదు. కొంగు తీయి మొకం మీద నుంచి.

ఒప్పుకోదు అనుకుంటివి గదా. విను, ఇది ఎవరికీ చెప్పలా నేను.

ఆదివారం నేను ఇంట్లోనే గదా ఉంటా. వాడు ఒక్క ఆదివారం వచ్చి, అరుగు మీద కూర్చోని, అక్కా, ఇది అమ్మేసి తిరుత్తణిలో ఒకటి కట్టుకుందాము, నువ్వు కూడా మాతోనే ఉందువు, అనుంటే... పెట్టుందును సంతకం. పెన్ను కూడా నేనే తెచ్చిచ్చుందును. నువ్వు ఈడికి వచ్చేసినంక ఆ ఇంట్లో సాయంత్రాలు ఎట్ల గడుస్తాయో నీకేం తెలుసు? రైలు దిగినంక స్టేషన్లోనే బెంచీ మీద కూర్చోనుంటాను అమ్మా, ఇంటికి పోబుద్ధి కాక. మీరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తా ఉంటిని.

మీరు పిలవలా. నేను యాడుండానో ఒకటే చూసుకుంటిరి, లేనప్పుడు రావడానికి.

ఇప్పుడు పెట్టను. కాళ్ళు పట్టుకున్నా పెట్టను. నాయిన పోయినంక ఆ ఇంట్లో నీకూ, వాడికీ, నాకూ ముగ్గురికీ భాగముండాది. నా భాగం అమ్మను. మీ భాగాలు కొనేవాడు ఎవరన్నా ఉంటే తెచ్చుకోండి.

ఎందుకు మాటిమాటికీ తలుపు దిక్కు చూస్తావు? వాడొచ్చే పొద్దయిందనా? వాడు వచ్చేలోపల నేను పోతే బాగుండునని చూస్తావా?

పోను. వాడు రానీ, వాడి పెండ్లాం రానీ, వీధిలోవాళ్ళంతా రానీ. ఇదిగో, ఈ గోడకు ఆనుకోని ఈడనే కూర్చుంటా. బస్సులో కూర్చోలా గానీ ఈడ కూర్చుంటా.

కాళ్ళు లాగేస్తా ఉండాయి. నిన్న మధ్యాన్నం నుంచి గొంతులోకి ఏమీ దిగలా. కాఫీ కూడా వాళ్ళకే పోసిచ్చినా.

లోపల అన్నముంటే రోంత మజ్జిగ పోసి తీసుకోని రా. ఏం చేసేది? కోపమొచ్చినా ఆకలైనా, అన్నం పెట్టు అని అడిగేదానికి నువ్వు తప్ప నాకెవరుండారు?

ఉప్పు వేసి తీసుకోని రా.