నాతో పాటు చెప్పండి

ఐర్లండ్‌లోని ట్రాలీ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంటు ముందు ఆగిన కారు. శుక్రవారం మధ్యాహ్నం, వాన. ముందు సీట్లలో బాలశౌరి, భార్య విజయరాణి. వెనక సీట్లో స్కూలు యూనిఫాంలో కూతురు ప్రిస్కిల్లా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

“ఇంజినెందుకు ఆపారు? నేనింకా దిగుతానని అన్లేదు.”

“దిగక? బిర్యానీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చోడానికా వచ్చింది? మూడో అంతస్తేగా రాణీ. గిన్నె ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చెయ్.”

“ఆ నాలుగు మాటలేంటో మీరు చెప్పండి. నిస్రీన్ పైన కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది. పొద్దున ఫోన్ చేసి ఏమందో చెప్పాగా. మొన్న ఆదివారం ప్రార్థన కూడికలో మీ ఆయన అందరిచేతా మూడుసార్లు చెప్పించిన మాటకి అర్థం కావాలి, ఒక్కో ముక్కా విడదీసి చెప్పు, అరబ్బీలో రాసుకుంటా అంది.”

“ఎందుకంట ఇప్పుడు?”

“అడగడానికి నాకు నోరు రాలేదు.”

“డ్యూటీ ఉందని చెప్పాల్సింది.”

“ఇద్దరిదీ ఒకే వార్డు. నా డ్యూటీ నాకంటే తనకే బాగా తెలుసు.”

“ఇక్కడ పసుపు గీతల మీద ఆపా. పోలీసులొస్తే టికెట్ రాస్తారు. తొందరగా ఏదోటి తేల్చు.”

“రాయనివ్వండి.”

“అసలు నేనేం తప్పు చేశానే? ఇరవై ఏళ్ళ నించీ చేసే ప్రార్థనే. మా నాన్న చేసేవాడు, మా తాత చేసేవాడు. ఇశ్రాయేలు కోసం ప్రార్థించకుండా మా ఇంట్లో అన్నం ముద్ద ఎత్తేవాళ్ళు కాదు.”

“ఇశ్రాయేలు కోసం చేస్తే చేశారు. నేనేమన్నా అన్నానా? మీరు ‘గాజా గోడలు కూలును గాక’ అన్నారు. అందరూ నాతో పాటు చెప్పండి, గట్టిగా చెప్పండి అని మూడుసార్లు. ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి, చేతులెత్తి, నోరు తిరక్కపోయినా మూడుసార్లూ అంది. చివర్న ఆమీన్ కూడా అంది. వాళ్ళల్లోనూ ఆ మాటుందంట.”

“ఆవిడది గాజా అని నాకేం తెలుసు? జోర్డాను అన్నావుగా.”

“చదువు జోర్డానులో అన్నాను. సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి నిలబడి మరీ చెప్పాను. ఈ అమ్మాయి మన మతం కాదు, నాతో పనిచేసే నర్సు, ఊరు గాజా, వాళ్ళ అక్క ఇల్లు కూలిపోయింది, ఒక్కసారి ప్రార్థనలో తల్చుకోండి అన్నాను. మీరు తలొంచుకుని ఫోన్లో వాక్యం వెతుక్కుంటున్నారు.”

“హాల్లో ఆ పిల్లల గోలలో వినపడలేదు.”

“వినపడుంటే మానేసేవారా?”

“హీటర్ పెంచనా? అద్దాలు మసకేస్తున్నాయి.”

“నేనడిగింది హీటర్ గురించి కాదు.”

“గోడలంటే ఇటుకల గోడలా ఏంటి? ఆత్మీయంగా అర్థం చేసుకోవాలి. అవతలి శక్తుల కోటలు. నీకు తెలీంది కాదు.”

“ఆత్మీయమైన గోడ కింద పడి ఎవరూ చచ్చిపోరండీ. నిస్రీన్ వాళ్ళక్క ఇటుకల గోడ కిందే పోయింది. ఎలా పోయిందో చెప్పనా?”

“వద్దు. వెనక పిల్ల ఉంది.”

“దాని చెవుల్లో అవి ఉన్నాయి. వినాల్సింది మీరు. నెల క్రితం మేమిద్దరం పొద్దుటి మందుల రౌండులో ఉంటే వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. ఐదంతస్తుల ఇల్లు. కింది అంతస్తులో వాళ్ళక్క, ముగ్గురు పిల్లలు పడుకునున్నారు. బాంబు పడి పైనున్నవన్నీ ఒకదాని మీదొకటి వాళ్ళ మీదే కూర్చున్నాయి. మిషన్లు లేవు. చేతుల్తోనే తవ్వారంట. కారు జాకీ పెట్టి స్లాబు లేపారంట. లోపల్నించి ఎవరో రాయితో కొడుతున్న చప్పుడు సగం రోజు వినపడింది, తర్వాత ఆగిపోయింది. చిన్నపిల్లలిద్దరూ ఒక దుప్పట్లో పడుకున్నారు. ఆ దుప్పటితోనే మూటగా ఎత్తారు. ఎవరిదేదో విడదీయడానికి లేదు.”

“రాణీ, చాలు.”

“పెద్దపిల్ల లయాన్, ఏడేళ్ళు, అదొక్కటే బతికింది. పద్నాలుగు గంటలు ఆ సందులో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని పడుకుంది. అమ్మ మాట్లాడటం మానేసినా వదల్లేదు. బయటికి లాగేటప్పుడు కూడా వదల్లేదు. చెయ్యొక్కటే వచ్చింది.”

“చాలన్నానా.”

“రెండు గాజులున్నాయంట ఆ చేతికి. అవి చూసే ఫలానా అని గుర్తుపట్టి, ఆ చేతినే పాతిపెట్టారు. పిల్ల కాలు నుజ్జయిపోయింది. మోకాలి కింద తీసేశారు. మత్తుమందు లేదు. మేనమామ దాని తల కదలకుండా పట్టుకున్నాడు, ఇంకెవరో నోట్లో గుడ్డ కుక్కారు. నేను పదిహేనేళ్ళుగా నర్సుని. ఇక్కడ జెర్రీ అనే ముసలాయన వేలికి రెండు కుట్లు వెయ్యాలంటే ముందు ఇంజెక్షన్ చేస్తాం, టీ ఇస్తాం, సారీ కూడా చెప్తాం. నిస్రీన్ ఆ ఫోనంతా వింది. మొహం కడుక్కుంది. వెళ్ళి ఆ జెర్రీకే బీపీ మాత్ర ఇచ్చింది. ‘యూ ఆర్ గ్రాండ్, లవ్’ అన్నాడాయన. ‘అయామ్ గ్రాండ్, జెర్రీ’, బాగానే ఉన్నా అంది.”

“ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?”

“మేనమామ దగ్గర. గుడారంలో.”

“నాకు ముందే ఇంటి దగ్గర చెప్పుండాల్సింది ఇదంతా.”

“ఆదివారం వచ్చేవాళ్ళందరికీ ఇంటి దగ్గర పరిచయాలు చెయ్యాలా నేను? సరే, నా తప్పూ ఉంది. ఒప్పుకుంటా.”

“నీదేముంది ఇందులో?”

“గాజులు.”

“గాజులేంటి?”

“తను చేరిన కొత్తలో ఓ రోజు డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటున్నాం. వార్డులో వేసుకోనివ్వరుగా, నేను బ్యాగులోంచి గాజులు తీసి వేసుకుంటుంటే మీ భాషలో వీటినేమంటారు అనడిగింది. గాజులు అన్నాను. ఎంత నవ్విందో. మా ఊరి పేరు నీ చేతికుంది అంది. ఆదివారం మీరు స్టేజి మీద నిలబడి గాజా గాజా అంటుంటే నా చెవిలో అడిగింది, ఆయన అంటోంది గాజులా, మా ఊరా అని.”

“నువ్వేమన్నావు?”

“గాజులే అనేస్తే అక్కడితో పోయేది. మీ ఊరే అన్నాను. మా ఊరి కోసమా ఇంతమంది ప్రార్థన చేస్తున్నారు అంది. ఆ కళ్ళు చూసి నేను తలూపాను. అప్పుడు ఎత్తింది చేతులు. మీరు నోటితో చేశారు, నేను తలకాయతో చేశాను.”

“సరే. అయితే ఇప్పుడూ తలూపు. అర్థం మార్చి చెప్పు. గాజా గోడలు నిలుచును గాక అన్నారు మా ఆయన అని చెప్పు. ఒక్క మాటేగా తేడా.”

“కూలడానికీ నిలవడానికీ ఒక్క మాటే తేడానా?”

“మాటగా చూస్తే అంతేగా. గాజాలో తెలుగొచ్చినవాళ్ళు ఎవరున్నారే? ఎవరికి తెలుస్తుంది?”

“దేవుడికి రాదా తెలుగు?”

“అబ్బా. ఏం చెయ్యమంటావు మరి? పైకొచ్చి కాళ్ళ మీద పడనా?”

“మీ నాయనమ్మ చేతి మీద మచ్చ గుర్తుందా మీకు?”

“ఇప్పుడు నాయనమ్మెందుకు?”

“పెళ్ళయిన కొత్తలో ఆవిడ నాకు చెప్పింది. ఊళ్ళోవాళ్ళు మన పేట మీద పడి పాకలన్నీ అంటించారు, మీ నాన్నని చంకనేసుకుని మండుతున్న తడిక తోసుకుని బయటపడింది. ఆ చెయ్యి చచ్చేదాకా చాపలేకపోయింది. ఆ రోజు ఎక్కడో చల్లగా ఉన్న దేశంలో, కడుపు నిండా తిని, కుర్చీల్లో కూర్చుని, మన పేట పాకలు కాలును గాక అని ఎవరన్నా ప్రార్థన చేసుంటే?”

“అది వేరు.”

“ఏం వేరో చెప్పండి. వింటా.”

“వేరు అన్నానా.”

“చెప్పండి.”

“నాకు తెలీదు రాణీ. వదిలెయ్. నాకు తెలీదు.”

“అయితే ఒక పని చెయ్యండి. ఇక్కడే, ఇప్పుడే, ఇంకో ప్రార్థన చెయ్యండి. నేను ఫోన్లో రికార్డు చేస్తా. పైకి తీసుకెళ్ళి, ఆదివారంది కాదు నిస్రీన్, ఇది రాసుకో, ఇది మీ వాళ్ళకి పంపు అని దీని అర్థం చెప్తా. ఆ ఆదివారం వీడియో తీసెయ్యమని, మన కూడిక వీడియోలు గ్రూపులో పెట్టే నతానియేల్‌కి సోమవారమే చెప్పాను. తీసేశాడు కూడా. అదింక ఎవరూ వినరు. ఏదో రోజు నిస్రీన్‌కి నిజం చెప్పి తిట్లు తింటా. ముందు ఆ పిల్లకి ఒక మంచి మాట వెళ్ళనివ్వండి.”

“కారులోనా?”

“ఆసుపత్రి లేకుండా కాలు కోశారండీ అక్కడ. మీరు కారులో ప్రార్థన చెయ్యలేరా?”

“ఆ పిల్ల పేరేంటన్నావు?”

“లయాన్.”

“లయాన్. సరే. నొక్కావా?”

“నొక్కాను.”

“ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ మధ్యాహ్న సమయమందు నీ పాదముల చెంత... ఆపు. ఆపు రాణీ. ఇది రోజూ అనేదే. నోటికి వచ్చేస్తోంది. మళ్ళీ నొక్కు.”

“ఊఁ. అనండి.”

“తండ్రీ, నాకు తెలీలేదు. కాదు. చెప్పింది, నేనే వినలేదు. నువ్వు విన్నావుగా. లయాన్ అనే పిల్ల ఉంది. దానికి అమ్మ లేదు, ఒక కాలు లేదు, తోడబుట్టినవాళ్ళిద్దరూ మూటగా వెళ్ళిపోయారు. గుడారంలో ఉందంట. గుడ్డ గోడలు ప్రభువా, గాలికే పడిపోతాయి. అవైనా ఉండనియ్యి. ఆ పిల్ల మీద ఇంకేదీ పడనివ్వకు. నేనన్న మాట నా మీదికి రానియ్యి, ఆ పిల్ల మీదికి పోనివ్వకు. గాజా గోడలు నిలుచును గాక. గాజా గోడలు నిలుచును గాక. గాజా... ఇంక ఆపెయ్. నా వల్ల కావట్లేదు.”

“ఆమేన్. ఇదిగో, మొహం తుడుచుకోండి.”

“సరిపోతుందంటావా?”

“సరిపోతుంది. ఇదే మొదటిసారి మీరు ప్రార్థన చేస్తుంటే నాకు నిద్ర రాలేదు. గిన్నె పట్టుకుని దిగుతా.”

“మమ్మీ, వెయిట్.”

“ఏంటే ప్రిస్కీ? పాటలు వింటున్నావు కదా?”

“ఇయర్‌ఫోన్స్ బ్యాటరీ ఎప్పుడో డెడ్. మొత్తం విన్నా.”

“మొత్తమా?”

“మమ్మీ, ఐ సెంట్ ఇట్.”

“ఏం పంపావు? తెలుగులో చెప్పు, డాడీకి కూడా అర్థమవ్వాలి.”

“వీడియో పంపా. సండే. హాల్లోనే నిస్రీన్ ఆంటీ అడిగింది, మా బ్రదర్‌కి పంపాలి అని. నతానియేల్ డిలీట్ చేశాడు, కానీ నేను ముందే పంపించేశా. నైస్‌గా ఉంటుంది అనుకున్నా, లైక్.”

“నైస్‌గానా? డాడీ ఏమన్నారో నీకు తెలీలేదా?”

“గాక అంటే నాకు తెలీదు మమ్మీ. కూలును అంటే కూల్ అనుకున్నా. చల్లగా ఉండాలి అని. అమ్మమ్మ ఫోన్లో అంటుందిగా, నువ్వు చల్లగా ఉండాలి అని. సేమ్ అనుకున్నా. ఆంటీకి అదే చెప్పా, మీ ఊరి గోడలు చల్లగా ఉండాలి అని. కరెక్ట్ మీనింగ్ మమ్మీని అడగండి అన్నా.”

“అయ్యో ప్రభువా.”

“ఆ వీడియో ఆ తమ్ముడికి చేరిందా ప్రిస్కీ? గుడారానికి చేరిందా?”

“చేరింది డాడీ. అందుకే ఆంటీకి మీనింగ్ కావాలి. లయాన్ అది నేర్చేసుకుంది. మండే నైట్ పక్క లైన్లో టెంట్స్ మీద బాంబ్ పడిందంట, చాలామంది చచ్చిపోయారంట. తను అది చెప్తూ కూర్చుందంట, వాళ్ళ టెంట్‌కి ఏం కాలేదు. దానివల్లే అనుకుంటోంది. ఇప్పుడు విమానం సౌండ్ వస్తే చాలు, పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పిస్తోందంట. ఇందాక నేను స్కూల్లో ఉన్నప్పుడు ఆంటీ ఇదంతా మెసేజ్ చేసి, లయాన్ వాయిస్ పంపింది. డాడీకి వినిపించు, థాంక్యూ చెప్పు అంది.”

“పెట్టు.”

“ఏమండీ, వద్దు. తర్వాత విందురుగాని.”

“పెట్టమన్నాను తల్లీ. వినకపోవడం వల్లే కదా ఇదంతా.”

“ఓకే. ఇది లయాన్, డాడీ. చివర్న వచ్చేది మిగతా పిల్లలు.”

“అంద-రూ నాతో పాతు చెప్పందీ. గాజా గోదలు కూలును గాకా. గాజా గోదలు కూలును గాకా. గాజా గోదలు కూలును గాకా.”

“ఆమీన్.”