పచ్చబడేదాకా మైకు వదలను

నా పదవీ విరమణ సభకి అధ్యక్షస్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మా డైరెక్టరుగారికి, నాకు ఈ పని నేర్పి, ఇవాళ ఒంట్లో బాగోకపోయినా వచ్చిన పెద్దాయనకి, ఇరవై రెండేళ్లుగా నా గొంతు భరించిన మిత్రులకి, ముందు వరసలోంచి "తొందరగా ముగించు" అని కళ్లతోనే చెబుతున్న మావారికి నమస్కారం.

నా వెనక ఈ తెర ఎందుకా అని చూస్తున్నారు. నా ఫొటోలు వేస్తారనుకుంటే పొరపాటండీ, అంత అదృష్టం మీకు లేదు. (నవ్వులు) టీకామందుల ఫ్రిజ్‌లో చల్లదనం ఎంతుందో నమోదు చేసే మన సాఫ్ట్‌వేర్ ఉంది కదా, ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపల విప్పి చూసి, మార్చుకునే వీలున్నది, దాన్ని ఎలా వాడాలో చెప్పే తెలుగు పుస్తకం ఈ క్షణాన అక్కడ తయారవుతోంది! నాలుగొందల పన్నెండు పేజీలు. ఒక్కో పేజీనీ మన పరికరాలు పరీక్షిస్తున్నాయి, నెగ్గితే పచ్చ, తప్పితే ఎరుపు. ఐదింటిలోగా అన్నీ పచ్చబడితే, ఇంగ్లీషు మూలంతో పాటు అదే రోజు తెలుగు కూడా విడుదలవుతుంది, మొట్టమొదటిసారి. అప్పటికి ఒక్క పేజీ ఎర్రగా మిగిలినా మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఇప్పుడు నాలుగూ ముప్పై ఐదు. కాబట్టి డైరెక్టరుగారూ, మీరెన్నిసార్లు గడియారం చూసినా నేను కదలను.

మా గదిలో 'నోరుమూసుకునే కుర్చీ' అని ఒకటుంది. పేజీ రాసినవాళ్లు అందులో కూర్చుంటారు. ఆ సాఫ్ట్‌వేర్ ఎన్నడూ చూడని మనిషి ఎదురుగా కూర్చుని, పేజీ చదువుకుంటూ పని చేస్తారు. రాసినవాళ్లు ఒక్క మాట సాయం చేసినా పేజీ మొత్తం మళ్లీ రాయాలి. మొట్టమొదట మా అత్తగారిని పట్టుకొచ్చాను. ఆవిడ దర్జీ, కొలతలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోదు. రెండు నిమిషాలు చూసి, "ఏదే నువ్వు నొక్కమన్న బొత్తాం? నీ మెషీన్లో ఉందేమో, నా దాంట్లో లేదు" అంది. నా కంప్యూటర్లో ఎప్పుడో పెట్టుకున్న ప్రోగ్రాం ఒకటి అందరి దగ్గరా ఉంటుందనుకుని, దాని సంగతే రాయలేదు నేను! సిగ్గుతో చచ్చిపోయాను. ఏమీ లేని ఖాళీ కంప్యూటర్ మీద ప్రతి మెట్టునూ నడిపి చూసే పరికరం ఆ వారమే మొదలెట్టాం. మీరు నవ్వక్కర్లేదండీ, మీ అమ్మ వల్లే వచ్చింది అది.

ఇక నవ్వలేని మాట. మూడో వరసలో కిటికీ పక్కన నర్సమ్మగారు ఉన్నారు. ఆరేళ్ల కిందట మూలంలో "ముందు నమోదు భద్రపరచండి, తర్వాత తీగ తీయండి" అని మార్చారు. తెలుగులో పాత వాక్యమే ఉండిపోయింది. ఆవిడ మా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశారు. మూడు నెలల నమోదు మొత్తం పోయింది, చల్లదనం తగ్గలేదని చూపే ఆధారం లేక ఫ్రిజ్ నిండా మందు పారబోయాల్సి వచ్చింది. నాకు ఫోన్ చేసి, "అమ్మా, సంజాయిషీ రాయమంటున్నారు. తప్పు నాదా, మీ పుస్తకానిదా?" అన్నారు. పుస్తకానిదేనని రాసి, సంతకం పెట్టి పంపాను. డైరెక్టరుగారికి నా మీద కోపం వచ్చింది. రానివ్వండి, మళ్లీ అయినా అదే పని చేస్తాను. (చప్పట్లు) ఆ తర్వాతే, మూలంలో వాక్యం మారిన వెంటనే దాని అనువాదం ఎర్రబడి పుస్తకమే ఆగిపోయే ఏర్పాటు చేశాం. దానికి మీరు నన్ను రాక్షసి అన్నారు, నాకు తెలియదనుకోకండి.

అయ్యో, ఆగండాగండి... ఎర్రబడింది! ఏ పేజీ? కంప్యూటర్ దగ్గరున్న మా 'సందేహం', అదే, రోజుకి వంద ప్రశ్నలడిగే మా సహోద్యోగి, గట్టిగా చదువమ్మా.

"'సహాయం కావాలంటే' పేజీ, మేడం. అందులో లింకు తెగిపోయింది. అది... మీదే. మధ్యాహ్నం ఆఫీసువాళ్లు మీ ఖాతా మూసేశారు."

(పెద్దగా నవ్వులు)

నవ్వండి, నవ్వండి. నాకూ నవ్వొస్తోంది. ఇన్నేళ్లుగా సందేహమొస్తే నన్నడగమని రాసుకున్నాను, ఇవాళ ఈ పుస్తకానికి నేనే అడ్డం. నాలుగూ నలభై ఆరయింది. ఎవరి లింకు పెడదాం? చెప్పండి!

ఏంటండీ నర్సమ్మగారూ? మైకు అందించండి ఆవిడకి.

"నాది పెట్టండమ్మా. రెండేళ్ల నుంచి మా నర్సుల ప్రశ్నలన్నిటికీ జవాబులు రాస్తోంది నేనేగా."

నిజమే! నాకెందుకు తట్టలేదు? అయితే రండి, మీరే మార్చండి. పేజీ ఎలా మార్చాలో చివరి అధ్యాయంలో రాశాం. సందేహం ఆమోదిస్తుంది. ఆ కుర్చీ ఇటు జరపండి, నేను నోరు మూసుకుంటాను.

(నర్సమ్మగారు చివరి అధ్యాయం చదువుకుంటూ నాలుగు నిమిషాల్లో లింకు మార్చారు. ఒకసారి వక్త లేవబోయి మళ్లీ కూర్చున్నారు.)

ఆ ఒక్క పేజీ మళ్లీ పరీక్షకెళ్లింది... పచ్చ! పచ్చబడిందండీ! నాలుగొందల పన్నెండూ! నర్సమ్మగారూ, మిమ్మల్ని ఎత్తుకోవాలనుంది, నడుం ఒప్పుకోదు. ఒక్క మాట సాయం చెయ్యలేదు నేను, అందరూ చూశారు కదా?

అందరికీ కృతజ్ఞతలు. డైరెక్టరుగారూ, ఇంకా ఆరు నిమిషాలుంది, మీ ప్రసంగం కానివ్వండి. రేపణ్నుంచి ఎవరికే సందేహమొచ్చినా నర్సమ్మగారినడగండి. నేనూ ఆవిణ్నే అడుగుతాను. సెలవు.