పళ్ళాయన మలుపు

ఏదీ, ఇంకోసారి చూపించు ఆ ఫొటో. అది కాదురా, దాని ముందుది. నలుగురూ బోర్డు ముందు నిలబడి ఇకిలిస్తున్నారే, అది. ఏం రాసుంది దాని మీద? నా కళ్ళకి ఆనట్లేదు, నువ్వే చదువు. పళ్ళాయన మలుపు. ఊఁ. మరి మీ కారు తోలినవాడు ఏం చెప్పాడన్నావ్? పట్నం నుంచి ఓ పళ్ళ డాక్టరు వచ్చేవాడు, పైన కొండ ఊళ్ళలో ఉన్న అమాయకుల నోట్లోంచి బంగారం పళ్ళు పీకి నకిలీ పళ్ళు పెట్టేవాడు, ఓసారి ఆ బంగారం సంచి పైన మర్చిపోయి మంచులో వెనక్కి తిరిగాడు, అత్యాశకి పోయి ఆ మలుపులో బండితో సహా లోయలో పడ్డాడు. అంతేగా? దానికి మీరు నలుగురూ పళ్ళు బయటపెట్టి, వేళ్ళతో చూపించుకుంటూ ఫొటో దిగారు. బాగుంది. చాలా బాగుంది. ఒరేయ్, ఆ పళ్ళాయన ఎవరో తెలుసా నీకు? మీ అమ్మని కన్న తండ్రి. నీ సొంత తాత. మా బావ. ఏదీ, ఇప్పుడు నవ్వు.

ఏంటి, "నాకెవరూ చెప్పలేదు చిన్న తాతా" అంటావా? ఎవరు చెప్తారు? మీ అమ్మ అప్పటికి ఉయ్యాల్లో ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరైనా ఎత్తితే మీ తాత లేచి దొడ్లోకి వెళ్ళిపోయేవాడు. లోయలో పడ్డాడట! పడితే మరి మీ మావయ్యలిద్దరూ ఎలా పుట్టారు, ఆకాశం నుంచి ఊడిపడ్డారా? మా బావ ముసలాడై, దుకాణంలో తన కుర్చీలోనే మధ్యాహ్నం కునుకు తీస్తూ పోయాడు. నువ్వింకా పుట్టలేదు. నోటికొచ్చింది వాగి పొట్ట పోసుకునే ఆ డ్రైవరు నా ఎదురుగా ఉంటే వాడికి కట్టుడు పళ్ళు అవసరమయ్యేలా చేసేవాణ్ణి. నవ్వకు. ఒళ్ళు మండిపోతోంది నాకు.

అసలాయన డాక్టరే కాదు. ఏనాడూ ఒక్క పన్ను పీకినవాడు కాదు, అందరూ పీకేశాక మిగిలిన నోళ్ళకి పళ్ళు కట్టేవాడు. ముందు వీధి వైపు దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. దుకాణంలో బల్లనిండా మైనం ముద్దలు, సుద్దపిండి, గులాబీరంగు పొడి డబ్బాలు. గోడకి అరలు, అరల్లో జనం నోళ్ళ అచ్చులు. నేను బండి తోలే పని దొరక్క అక్క ఇంట్లో తింటున్న రోజుల్లో ఆ అరల కిందే పడుకునేవాణ్ణి. కళ్ళు తెరిస్తే ఊరందరి నోళ్ళూ నా మీదకి తెరుచుకుని ఉండేవి. మా అక్క గొంతు సంగతి మీ అమ్మనడుగు, వీధి చివరిదాకా వినపడేది. "ఊళ్ళో బేరాలు వాకిట్లో నిలబడుంటే, ఈయనగారికి ఆకాశంలో ఉన్నవాళ్ళ నోళ్ళు కావాలి!" అని. బావ తల ఎత్తేవాడు కాదు. మైనం గీకుతూ, "వాళ్ళు కిందికి రాలేరు కదే" అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట. దానికి మా అక్క ఇంకా మండిపడేది. న్యాయమే అనుకో, ఆయన పైకి వెళ్తే ఇల్లు గడిచేదెలా? కానీ అదే మనిషి ఆయన బయల్దేరే పొద్దున దుప్పట్లు మడిచి బండిలో పెట్టేది, తిట్టుకుంటూనే.

ఆ పద్ధతి ఎలా ఉండేదంటే, మంచు కరిగి దారి తెరవగానే ఓసారి పైకెళ్ళి ఒక్కో ఊళ్ళో నోళ్ళకి అచ్చులు తీసుకునేవాడు. కిందికొచ్చి వానాకాలమంతా కూర్చుని పళ్ళు కట్టేవాడు. మళ్ళీ మంచు పడి దారి మూసుకుపోయే లోపల వెళ్ళి పెట్టి రావాలి. ఆలస్యమైతే ఏడాది వాయిదా. ఏడాది పాటు పళ్ళు లేకుండా ఆ ఎండిన రొట్టెలు ఎలా నములుతారు? పైనే కట్టేయొచ్చు కదా అని నేనూ అడిగాను. "అంత ఎత్తులో నీళ్ళు మరిగినట్టే మరుగుతాయిరా, వేడి మాత్రం చాలదు, అందులో ఉడికించిన పళ్ళు గట్టిపడక మెత్తగా ఉండిపోతాయి" అన్నాడు. నిజమే. బంగాళదుంపలు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా కటకటలాడేవి. నాకు తలనొప్పి, చెవుల్లో హోరు, నాలుగడుగులు వేస్తే గుండె గొంతులోకొచ్చేది. బండి ఇంజను నాకంటే ముందు రొప్పేది. ప్రతి ఎత్తు దగ్గరా దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టి, అది చల్లబడేదాకా కూర్చోవడం. మీరేమో హీటరేసుకుని, పాటలు పెట్టుకుని వెళ్ళొచ్చారు. మళ్ళీ "థ్రిల్లింగ్‌గా ఉంది" అట!

అన్నిటికంటే పైన ఉన్న ఊరికి వెళ్ళే ముందు దారి సన్నబడుతుంది, చూశావా? ఇప్పుడు వెడల్పు చేశారా? అప్పుడు ఒక్క బండే పట్టేది. ఓ పక్క కొండ, ఓ పక్క ఏమీ లేదు. మధ్యలో ఆ మలుపు. ఈ కొసన ఉన్నవాడికి ఆ కొసన ఉన్నవాడు కనపడడు. మరెలా? పై ఊళ్ళో చివరింట్లో ఒకాయన ఉండేవాడు, ఈలాయన అనేవాళ్ళు. ఆయన వాకిట్లోంచి చూస్తే దారి రెండు కొసలూ కనపడేవి. కింద బండివాడు హారను కొట్టి ఆగేవాడు. ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక పొడుగు ఈల వేస్తే రమ్మని, రెండు పొట్టి ఈలలు వేస్తే ఆగమని. ఎవడూ చెయ్యమన్న ఉద్యోగం కాదు, జీతమూ లేదు. వాళ్ళ నాన్న వేసేవాడు, ఈయన వేశాడు, అంతే. అలాంటాయనకి పై పళ్ళు ఊడిపోయాయి. ఈల వేస్తే బుస్సుమని గాలొచ్చేది. ఆ ఏడు రెండు బళ్ళు మలుపులో ముక్కూ ముక్కూ ఆనించుకుని ఇరుక్కుంటే, ఒకడు ఆ అంచు వెంబడి వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాడట, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. అది విన్నాక మా బావ ఆ వానాకాలమంతా ఈలాయన పళ్ళ సెట్టు పని మీదే కూర్చున్నాడు. ముందు పళ్ళు అరగదీయడం, మళ్ళీ మైనం పొయ్యడం, మళ్ళీ అరగదీయడం. తనే వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసి, నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకునేవాడు. మీ అమ్మ ఉలిక్కిపడి ఏడిచేది, మా అక్క గరిటె పట్టుకుని వచ్చేది.

ఇక ఆ ప్రయాణం. కట్టుడు పళ్ళు ఎండిపోకూడదని ఒక్కో సెట్టూ ఒక్కో సీసాలో నీళ్ళుపోసి పెట్టేవాడు, సీసాకి ఎవరివో రాసిన కాగితం. ఎత్తుకెక్కేసరికి లోపలి గాలి ఉబ్బి మూతలు టపటపా ఎగిరిపోయాయి. నీళ్ళు ఒలికాయి, కాగితాలు తడిసి ఊడిపోయాయి, పళ్ళన్నీ పెట్టె అడుగున కలిసిపోయాయి. కింద కట్టిన చేతులే అయినా, ఆ ఎత్తులో ఎవరికైనా మతి మందగిస్తుంది. ఏవి ఎవరివో కంటితో పోల్చుకుని మళ్ళీ సీసాల్లో వేశాడు. ముందు పై ఊరికే వెళ్ళాం. ఈలాయనకి పెట్టాడు. "ఎలా ఉన్నాయి?" "దివ్యంగా ఉన్నాయి బాబూ." "ఓ ఈల వెయ్యి మరి." "అమ్మో, ఊరికే వేస్తే కిందెవడైనా రమ్మన్నాననుకుని బండి తీసేస్తాడు. తర్వాత వేస్తాలే." మేం నమ్మాం. నమ్మమా మరి? అంత దూరం నుంచి మోసుకొచ్చిన మనిషి మొహం మీద బాగోలేదని చెప్పడం వాళ్ళకి చేతకాదు. నోరు కోసుకుపోతున్నా నవ్వుతూ, దారి ఖాళీగానే ఉందని చెయ్యి ఊపి మమ్మల్ని సాగనంపాడు.

మర్నాడు కింది ఊళ్ళో ఒకావిడ ఉంది, కంబళ్ళు నేసే ఆవిడ. ఆవిడకా మొహమాటం లేదు. సెట్టు నోట్లో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, చేతిలోకి ఉమ్మేసింది. "ఇవి నావి కావు నాయనా. ఇవెవడో మగాడివి. నా నోట్లో వీధిగుమ్మంలా ఉన్నాయి." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు. సెట్టు తిప్పి చూసుకున్నాడు. "ఇవి ఈలాయనవి రా" అన్నాడు. ఆకాశం అప్పటికే బూడిద రంగులోకి తిరిగింది, సన్నగా మంచు. ఊళ్ళోవాళ్ళు వద్దన్నారు. నేనూ వద్దన్నాను, వచ్చే ఏడు మారుద్దాం బావా అని. "శీతాకాలమంతా వాటితోనే ఉంటాడ్రా. బాగున్నాయని నాతో అన్నాడు కదా, ఇక తియ్యడు" అన్నాడు. అదీ సంగతి. అదిరా ఆయన వెనక్కి తిరిగిన బంగారం! అత్యాశట. చెప్పినవాడి నోట్లో పురుగులు పడ.

వెళ్ళాం. బండి మలుపు కింది కొసన ఆపి హారను కొడితే పైనుంచి ఏ ఈలా రాలేదు. నేను దిగి ముందు నడుస్తూ, బావ వెనక బండి నడుపుకుంటూ, అలా ఎక్కాం. ఈలాయన చిగుళ్ళు రెండు వైపులా పుండ్లు పడి ఉన్నాయి. బావ ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఆయనేమో, "అయ్యో, నా కోసం మళ్ళీ వచ్చారా" అని తనే సిగ్గుపడిపోయాడు. సొంత సెట్టు పెట్టి, వెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలింపించి, కాసేపు కూర్చోబెట్టాక ఈల వేశాడు చూడూ, ఒరేయ్, అవతలి కొండకి తగిలి తిరిగొచ్చింది. ఊళ్ళో కుక్కలన్నీ లేచాయి. ఇళ్ళల్లోంచి జనం బయటికొచ్చారు. వాళ్ళావిడ చేతిలో పిండితోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. బావ ఏడ్చేశాడు. సిగ్గులేకుండా ఏడ్చాడు, చెప్తున్నాను.

దారి మూసుకుపోతుందని వెంటనే బయల్దేరాం. ఒక పొడుగు ఈల వేసి దారిచ్చాడు. మలుపులోకి వచ్చేసరికి రెండు పొట్టి ఈలలు. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు, ఆగకుండా. నేను బ్రేకు తొక్కి అలాగే ఉండిపోయాను. బావ కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకి చూశాడు. ఈలాయన వాకిట్లో లేడు. మలుపులో ఉన్న మాకు వినపడదనేమో, వాకిలి దాటి, కొండ అంచు దాకా దిగొచ్చి నిలబడ్డాడు, వేళ్ళు నోట్లోనే. అప్పుడు మా ముందు దారి మీదకి కొండ దిగింది. చప్పుడు చెప్పలేను. ఇంకో నాలుగు గజాలు ముందుకెళ్ళుంటే నేనిక్కడ లేను, మీ తాతా లేడు. దుమ్ము సర్దుకున్నాక పైకి చూస్తే ఆ అంచు లేదు.

అర్థమైందా? ఆ మలుపులో పడినవాడు పళ్ళు కట్టినవాడు కాదు, పెట్టుకున్నవాడు! ఊళ్ళోవాళ్ళు దాన్ని పళ్ళాయన ఆగిన మలుపు అనేవాళ్ళు. బోర్డు రాసినవాడు ఎవడో ఆగిన అన్న మాట ఎగరగొట్టేశాడు, కథ చెప్పేవాడు ఇంకొకడు మనిషినే ఎగరగొట్టేశాడు. ఇంత చేసిన మనిషికి ఓ రాయి లేదు, ఓ పేరు లేదు. మా బావకేమో దొంగ పేరు. ఎవడినడగాలి? ఎవడికి చెప్పుకోవాలి? చెప్పు!

ఆ రోజు కింది ఊరివాళ్ళొచ్చి రాళ్ళు తోసి మమ్మల్ని దింపారు, వెనక్కెళ్ళి ఆ ఇంటి గుమ్మం తొక్కే ధైర్యం బావకి లేకపోయింది. మరుసటి ఏడు దారి తెరిచాక మళ్ళీ వెళ్ళాం. మా అక్కే పంపింది, ఈసారి తిట్టలేదు. ఈలాయన ఇంటి ముందు బండి ఆపాక బావ దిగలేకపోయాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళావిడ తిడుతుందని నేననుకున్నాను. తిడితే బాగుండునని ఆయన అనుకున్నాడేమో. ఆవిడే వచ్చి తలుపు తీసి, లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది. అప్పుడడిగింది: "ఆ రోజు ఈల మీకు స్పష్టంగా వినపడిందా బాబూ?" వినపడిందమ్మా, ప్రతి ఈలా వినపడింది అన్నాడు బావ. ఆవిడ తల ఊపింది. "అయితే పళ్ళు బాగా కుదిరినట్టే" అంది.

...

ఆ కిటికీ తలుపు వెయ్యరా. గాలి కొడుతోంది.