బూజు మందు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, ఎండకు కట్టిన పచ్చ వల పందిరి కింద మధు నాటిన స్ట్రాబెర్రీ మొక్కలున్నాయి. మధు చనిపోయి రెండు నెలలైంది. పొద్దున్నే అతని భార్య స్వాతి, తల్లి తిమ్మక్క సాళ్ల మధ్య నిలబడి ఉన్నారు.

“ఇంగా ఎనిమిది వాలినాయత్తా. నిన్న సందేళ బాగానే ఉండినాయి.”

“పీకెయ్ మే. ఎన్నిసార్లు సెప్పాల. పీకేసి కొర్రలు సల్లుదాం.”

“నీళ్లు తక్కువై కాదు. ఈ మొదలు చూడు, కోస్తే లోపల ఎర్రగా తిరిగింది. ఎండు తెగులే.”

“ఏ తెగులైతే ఏమి. నాలుగు నూర్ల మొక్కల్లో అరవై మిగిలినాయి. మగ్గం యిడిసి ఈడ ఏం చేస్తాండావు నువ్వు?”

“నీ కొడుకు చెప్పిందే చేస్తాండా. పదైదు దినాలకోసారి, ఒక్కసారి కూడా తప్పలేదు. అయినా చస్తాండాయి.”

“ఏం చేస్తాండావు?”

“బూజు మందు వేస్తాండా.”

“నువ్వా?”

“ఆస్పత్రి నుంచి ఫోన్లో చెప్పింది అదొక్కటే. బూజు మందు మరవొద్దు అని.”

“నాకూ అదే సెప్పినాడు.”

“నీకెప్పుడు చెప్పినాడు?”

“గంజి తాపుతాంటే. సర్లే, పద. ఎండ వస్తాది.”

“ఉండత్తా. నీ కొంగుకు ఏంది ఈ వాసన?”

“ఏం వాసన? ఏం లేదు.”

“పీకెయ్ పీకెయ్ అనుకుంటా, నువ్వు కూడా పోస్తాండావా?”

తిమ్మక్క మగ్గం మీద సగం నేసిన చీర మాట ఎత్తింది. స్వాతి కదల్లేదు.

“వాడు సెప్పిన మాట తీసెయ్యలేను. వారానికోసారి నువ్వు లేసేలోపల పోసి వస్తాండా. ఒక్కో మొదట్లో చెంబెడు.”

“ఏం మందు?”

“బూజు మందే. అంగట్లో వీరభద్రప్పను అడిగితే ఇచ్చినాడు. నీళ్లలో కలిపితే పాల మాదిరి తెల్లగా ఉంటాది.”

“అది బూజును చంపేది.”

“మరి చంపొద్దా?”

“నేను వేసేది బూజే అత్తా. మంచి బూజు. ఆస్పరిలో టమాటా రైతులు వేస్తారు. ఆ బూజు పొడి తెచ్చి పశువుల ఎరువులో కలిపి, గోనెపట్టా కప్పి, పది దినాలు తడి ఆరకుండా పెంచి మొదట్లో వేస్తాండా. అది తెగులు బూజును తింటాది.”

“అంటే, నువ్వు పెంచి వేసింది…”

“వేసిన వారం లోపలే నువ్వు చంపినావు. నాలుగుసార్లూ.”

“నాకొక మాట సెప్పచ్చు కదా.”

“నువ్వు చెప్పినావా? పీకెయ్ అనేదొక్కటే కదా నీ నోట్లో.”

“ఇవి కండ్లముందు లేకుంటే నువ్వు వాన్ని కొంచెం మరుస్తావనుకుంటి.”

“మరచి ఏం చేయాల?”

“సరే, ఇడుసు. ఇంగ ఇద్దరం కలిసి ఒకటే వేద్దాం. రెండిట్లో వాడు సెప్పిన మందేది?”

“రెండూ బూజు మందే అత్తా. ఏదని నేను అడగలేదు.”

“అడగాలని నాకూ తోచలేదు, స్వాతీ.”