హైడ్రో అంటే నీళ్ళని నేర్పిన అళగర్‌సామి గారు

1989 జూన్ పన్నెండవ తేదీ సోమవారం ఉదయం, తుడియలూరులోని మన పంపుల కర్మాగారంలో, పరీక్షా విభాగ సహాయకులుగా శ్రీ అళగర్‌సామి గారు బాధ్యతలు స్వీకరించారు. గది తలుపు మీద ‘హైడ్రో టెస్ట్’ అన్న పలకను చూసి, ఆ మొదటి మాటకు అర్థమేమిటని పైఅధికారిని అడిగితే, అర్థాలెందుకు, పని చూడమన్నారట. ఆ జవాబు ఆయనకు మింగుడుపడలేదు. ఆ వారమే పీలమేడులో ఒక గ్రంథాలయానికి వెళ్ళి, లావుపాటి నిఘంటువు తిరగేసి, గ్రీకు భాషలో ‘హ్యుడోర్’ అంటే నీళ్ళనీ, అదే మరో మాట ముందు చేరితే ‘హైడ్రో’ అవుతుందనీ తెలుసుకుని గాని ఊరుకోలేదు.

1996లో పర్యవేక్షకులుగానూ, 2008లో విభాగాధిపతిగానూ పదోన్నతి పొందిన ఆ మహనీయులు, కొత్తగా చేరిన ప్రతివారికీ మొదటి రోజున ఈ పాఠమే చెప్పేవారు. నీళ్ళకు గొట్టం చేరితే హైడ్రాలిక్స్ అనీ, మండితే నీరవుతుంది గనుక ఆ వాయువుకు నీటిని పుట్టించేదన్న అర్థంలో హైడ్రోజన్ అని పేరు పెట్టారనీ, పిచ్చికుక్క కరిచినవాడు నీళ్ళకు జడుస్తాడు గనుక ఆ రోగం హైడ్రోఫోబియా అయిందనీ వివరించేవారు. పాఠం అయ్యాక పంపు తొడుగుకు పొడి సుద్ద పూసి, లోపల నీళ్ళు నింపి, ఒత్తిడి పెంచి చూపేవారు. సుద్ద మీద చెమ్మ మరక కనిపించిందా, ఎంతటివారు అడిగిన పంపైనా వెనక్కి పోవలసిందే!

ఇప్పుడు పొందుతున్న పదవీ విరమణ తరువాత సూలూరు పక్కనున్న నాలుగెకరాల నల్లరేగడిలో జొన్న పండించుకోవాలన్నది ఆయన ముప్పై ఆరేళ్ళ కోరిక. ఆ కోరిక ఈ ఏడాది ఎండిపోయింది. రెండు బోర్లు ఒట్టిపోయాక, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటిజాడ చెప్పేవారిని జన్మంతా వెక్కిరించిన అళగర్‌సామి గారే, అటువంటి ఒక పెద్దాయనను స్వయంగా పొలానికి పిలుచుకొచ్చారు. టెంకాయ నిటారుగా లేచి నిలిచిందట. అక్కడే పదకొండు వందల అడుగులు తవ్వించారు. తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు.

నాలుగో బోరు వేద్దామని ఆయన అంటే, శ్రీమతి రామక్కాళ్ గారు అడ్డం వచ్చారు.

“ఇంక చాలు. మన్ను కాడ ఉండే నీళ్ళంతా మనమే ఎత్తేస్తిమి. మీరు సరిగ్గా ఉండాదని పంపిచ్చిండే పంపులే గదా, ఇంతా తాగేసింది?”

మరునాటి పాఠంలో, కొత్తగా చేరిన సుగన్య అనే అమ్మాయి, నీళ్ళు లేనిదాన్ని ఏమంటారని అమాయకంగా అడిగింది. గ్రీకులో ‘అన్’ అంటే లేకపోవడమనీ, అది ముందు చేరితే ‘అన్‌హైడ్రస్’ అవుతుందనీ చెప్పి, ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ తరువాత పాఠం చెప్పలేదు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

విరమించేవారికి వారి పేరు చెక్కిన పంపును బహూకరించడం మన సంస్థ ఆచారం. ఏ రకం కావాలో, ఎంత లోతుకో రాసిమ్మని కాగితం పంపితే, లోతు అన్నచోట ఒక అడ్డగీత గీసి పంపారు. మేము, విభాగం వాళ్ళం, ఆయన ఇంటికి వెళ్ళి, ఈ వీడ్కోలు సంచికలో శుభాకాంక్షలు ఎలా రాయమంటారని అడిగాం. ఆయన అన్నారు:

“ఆరోగ్యం అని రాయండ. ఆయుసు వద్దు. నీళ్ళు లేని జొన్న కాట్లో అన్ని ఏండ్లు ఉండి నేనేమి చేసేది?”

ముప్పై ఆరేళ్ళలో ఆయన మాటను ఈ విభాగం ఒక్కసారీ జవదాటలేదు. ఈ ఒక్క వాక్యంలో మాత్రం జవదాటుతున్నాం. శ్రీ అళగర్‌సామి గారికి సంపూర్ణ ఆరోగ్యాన్నీ, ఆయన వద్దన్న ఆ దీర్ఘాయువునూ మనసారా కోరుతున్నాం. నీళ్ళు ఇవ్వడం మా చేతుల్లో లేదు.