కోట తలుపు తీసిందెవరు

"నవ్వొద్దు వెంకటమునీ. ఆటంటే పేకాట కాదు. నేను కథ నడిపిస్తా, నలుగురు తలా ఒక వేషమేసుకోని అందులో తిరగతారు, పాచికలేసి కొట్లాడతారు. తిరుచానూరులో మా లాడ్జి మిద్దెపైన ప్రతి ఆదివారం ఆడేవాళ్లం. ఇప్పుడు లేదులే. తల్చుకుంటే కష్టంగా ఉండాది. రూపశ్రీ ఒక్కతి మళ్లీ వస్తే ఈ వారమే మొదలుపెడతా. ఆ పిల్ల లేకుంటే మిగతావాళ్లూ రారు," అన్నాడు మునికుమార్, ధనంజయ టీకొట్టు బెంచీ మీద కూర్చుని.

"ఎందుకు మానుకునిందబ్బా?" టీ వడగడుతూ అడిగాడు ధనంజయ.

"నేను చెప్పిన తీరుకి! సూడు, మా కథలో ఒక కోట. పదేండ్ల కింద శత్రువులు లోపలికి జొరబడి ఊరంతా తగలబెట్టినారు. లోపలినుంచి తలుపు తీసిందెవరో ఎవరికీ తెలీదు, నాకు తప్ప. ఏడాది పొడుగునా దాపెట్టుకున్నా, మా ఇంటామెక్కూడా చెప్పలా. ఆఖరిగా ఆడిన ఆదివారం, 'తలుపు తీసినోళ్లు మన మధ్యనే ఉండారు' అన్నా. ఈ గిరిప్రసాదూ మాతో ఆడేవాడే, అడగండి, తినబోయిన బజ్జీ వాని చేతిలోనే ఉండిపోయిందా లేదా?"

"ఉండింది," అన్నాడు బెంచీ కొసన కూర్చున్న గిరిప్రసాద్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద రూముల్లో దిగిన యాత్రికులంతా మిద్దెక్కేసినారు. అమ్మవారి దర్శనానికి నిలబడినోళ్లు క్యూ వదిలేసి వచ్చినారు. వీధిలో పూలామె మూర కొలస్తా కొలస్తా నా మాట వినింది, ఆపడం మర్చిపోయింది, మాల వడమాలపేట దాకా సాగిపోయింది!"

"వడమాలపేట దాకానా!"

"టోల్‌గేటు కాడ ఆపినారు కాబట్టి సరిపోయింది, లేకుంటే పుత్తూరే. అదొక లెక్కా? సూళ్లూరుపేట కాడ రాకెట్ పంపతా ఉండారు. పది, తొమ్మిది అని లెక్కబెట్టేవాళ్లు, 'ఉండండప్పా, మునికుమార్ పేరు చెప్పబోతా ఉండాడు' అని ఆపేసినారు. అది ఆడనే పొగ కక్కతా నిలబడింది. అంతలో రూపశ్రీ ఏదో అనబోయింది. చెయ్యెత్తినా, గమ్మునైపోయింది. 'తలుపు తీసింది రూపశ్రీ ఏసిన కాపలాదారే! శత్రువులకు చిక్కిన తమ్ముడి కోసం తీసింది!' అన్నా. రాకెట్ లేచింది! రూపశ్రీ ఏడ్సుకుంటా మెట్లు దిగిపోయింది. మళ్లా రాలా. అంత బాగా చెప్పుండకూడదేమోనప్పా. అదే నా బాధ."

గిరిప్రసాద్ టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"మిద్దెపైకి ఎవరూ రాలేదు కుమారూ. మనమే ఉండినాం. అయినా ఆ కథ నీది కాదు. ఆట మొదలుపెట్టిన దినమే ఆ పిల్ల నీ చెవిలో చెప్పింది, తన వేషం వెనక ఇదుండాది, సమయమొచ్చినప్పుడు తానే చెప్పుకుంటానని. ఆ ఆదివారం దోవలో, 'ఈ పొద్దు చెప్పేస్తానన్నా, గుండె దడదడ అంటా ఉండాది' అనింది నాతో. నోరు తెరిచింది. నువ్వు చెయ్యెత్తినావు."

మునికుమార్ చేతిలో టీ చల్లారిపోయింది. వెంకటముని నవ్వబోయి మానుకున్నాడు.

"నేను పోయి పిలిస్తే వస్తాదంటావా గిరీ?"

"తిరుపతిలో ఇంకో జట్టుతో ఆడతా ఉండాదిలే. మళ్లీ ఆ కాపలాదారు వేషమే. తలుపు తీసిందెవరో ఈ తూరి కథ నడిపేవాడిక్కూడా చెప్పలేదంట."