మూడో కుర్చీ లాకు

పొద్దుట్నుంచి ఆసుపత్రి కంప్యూటర్ గదికి ఇది నాలుగో ఫోను. అవతల డయాలసిస్ వార్డు సిస్టరు, ఇవతల డేటాబేస్ చూసే ఇంజనీరు.

“...పదింటికీ చూస్తున్నానన్నారు, పదకొండింటికీ చూస్తున్నానన్నారు. ఇంకా ఎంతసేపు చూస్తారు సార్?”

“చూస్తున్నాను సిస్టర్.”

“కంప్యూటర్లో మూడో కుర్చీ లైను నొక్కితే చాలు, గిర్రున తిరుగుతూ కూర్చుంటోంది. అందులో టిక్కు పడందే మిషను మొదలుపెట్టకూడదని మీరేగా రూలు పెట్టారు.”

“ఆ లైను లాకైపోయింది. ఎవరో తెరిచి ఏదో మార్చారు. సేవూ చెయ్యలేదు, క్యాన్సిలూ చెయ్యలేదు. ఆ రెండిట్లో ఏదో ఒకటి అయ్యేదాకా ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేరు.”

“ఎవరా మహానుభావుడు?”

“అదే... చూస్తున్నాను.”

“మళ్ళీ అదే మాట. మిగతా ఏడు కుర్చీలూ నిండిపోయాయి. ఇక్కడో పెద్దాయన ఎనిమిదింటి నుంచి బెంచీ మీదే ఉన్నారు. మధ్యలో డయాలసిస్ మానేశారు, కాళ్ళు వాచిపోయాయి. ఇవాళా కాకపోతే రాత్రికి ఊపిరాడదు. నాకు భయంగా ఉంది సార్.”

“కొత్తాయనా?”

“కొత్తయితే ఏంటి, పాతయితే ఏంటి? కుర్చీ కావాలి.”

“ఆ కుర్చీ... ఇవాళ శనివారం, వేరేవాళ్ళకి రాసి ఉంది కదా.”

“రాసి ఉంటే? ఖాళీగానే పడుందిగా. ఆ తెరిచినవాళ్ళ సెషన్ కట్ చేసి పారెయ్యండి. పోయిన నెల మందుల కౌంటరు వాళ్ళకి రెండు నిమిషాల్లో చేశారు.”

“అది వేరు.”

“ఏం వేరు?”

“కట్ చేస్తే వాళ్ళు మార్చింది పోతుంది, పాతదే ఉంటుంది. సేవ్ చేస్తే మార్చింది ఖాయమైపోతుంది. ఎటు చేసినా లాకు ఊడుతుంది. కానీ ఎటో ఒకటి తేల్చాలి కదా.”

“తేల్చండి మరి. తెరిచి ఎంతసేపయింది?”

“నాలుగు రోజులు.”

“అదేంటి, ఎవరో తెలీదు గానీ ఎన్నాళ్ళయిందో తెలుసా?”

“టైము స్క్రీను మీదే పడుతుంది సిస్టర్.”

“మరి పేరు పడదా సార్?”

“పడుతుంది. నేనే సిస్టర్.”

“నేనే అంటే?”

“తెరిచింది నేనే. అది మా నాన్న కుర్చీ, మీకు తెలుసుగా. మంగళవారం పొద్దున మొండికేశాడు. మూడేళ్ళుగా సూదులు పొడిపించుకున్నాను, ఇక చాల్రా, నా పేరు తీయించెయ్, ఇంకెవరికన్నా పనికొస్తుంది అన్నాడు. నాకూ ఒళ్ళు మండింది. సరే నీ ఇష్టం అని వచ్చి, పేరు పక్కన ‘ఇక రారు’ అని టైపు చేశాను. సేవ్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు.”

“పోనీ క్యాన్సిల్ చెయ్యాల్సింది.”

“మాటిచ్చేశానాయె. ఏదీ చెయ్యలేక స్క్రీను ఆపేసి ఇంటికెళ్ళిపోయాను.”

“నాలుగు రోజులూ అలాగే వదిలేశారా?”

“మనసు మార్చుకుంటాడేమోనని. ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. నేను లేచేసరికి ఆయన పడుకుని ఉంటాడు, నేనెళ్ళేసరికీ పడుకునే ఉంటాడు. ఇవాళైతే గదిలోకి తొంగి కూడా చూడకుండా వచ్చేశాను.”

“అయ్యో.”

“నా మూలాన మీ బెంచీ మీదాయన్ని ఇంతసేపు కూర్చోబెట్టడం తప్పే. నాకూ ఓపిక అయిపోయింది సిస్టర్. సేవ్ నొక్కేస్తున్నాను, ఆయన పేరు ఎక్కించుకోండి.”

“ఆగండి, నొక్కకండి.”

“ఇప్పటిదాకా మీరేగా తొందరపెట్టారు?”

“క్యాన్సిల్ చెయ్యండి సార్. ‘మావాడికి చెప్పకమ్మా, నామోషీగా ఉంటుంది’ అని నా చేత ఒట్టేయించుకున్నారు గానీ, ఈ బెంచీ మీద కూర్చుంది మీ నాన్నగారే.”